రేడియోలో ముచ్చట పెట్టబోయే బిడ్డకు

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, మన ఊరివాళ్లే నడుపుకునే కమ్యూనిటీ రేడియోలో వారానికి అరగంట నీ చేతికిచ్చారని. ఊళ్లో కళాకారులతో, పండగల మీద, వాడల సంగతుల మీద ముచ్చట్లు పెట్టాలట. నువ్వేమో రెండు రోజులుగా టెన్షన్‌తో సరిగా తినడం లేదట. ముందు అన్నం తిను. ఖాళీ కడుపుతో మైకు ముందు కూర్చుంటే కడుపు గుర్రుమనడం కూడా రికార్డవుతుంది. నాకు అయింది కాబట్టి చెప్తున్నా.

నన్ను రేడియోకి పిలిచింది మాటకారినని కాదు. బ్లౌజు కటింగ్ గురించి ఇరవై నిమిషాలు చెప్పమన్నారు. గుడ్డ చూపించకుండా కటింగ్ ఎట్లా చెప్పాలో తెలియలేదు. ముందు రోజు రాత్రి దుకాణం షట్టర్ దించి, కళ్లు మూసుకుని, ఉత్త మాటలతోనే ఒక బ్లౌజు కుట్టి చూసుకున్నాను. అట్లా పోయినదాన్ని పదకొండేళ్లు అక్కడే ఉండిపోయాను. ఆ పదకొండేళ్లలో సరిగా చేసి నేర్చుకున్నదాని కంటే చెడగొట్టి నేర్చుకున్నదే ఎక్కువ. అదే రాస్తున్నా.

మన ట్రాన్స్‌మిటర్ బలం 100 వాట్లు. లెక్కకు పాత గుండు బల్బంత. మాట పది పదిహేను కిలోమీటర్లు పోతుంది, మధ్యలో గుట్ట వస్తే అంత కూడా పోదు. ఇదేం రేడియో అని చిన్నబుచ్చుకోకు. పట్నంలో ఎఫ్ఎంలో మాట్లాడేవాళ్లకు విన్నవాళ్లు ఎదురుపడరు. నీకు తెల్లారేసరికి పాలకేంద్రం దగ్గర ఎదురుపడతారు. "నిన్న మా మామను అట్ల అడిగినవేంది బిడ్డా" అని నిలబెట్టి అడుగుతారు. ఆ భయం కొంచెం ఉండనీ, పనికొస్తుంది. ఆ జాకీల్లాగా గొంతు సాగదీసి మాత్రం మాట్లాడకు. ఇంట్లో "వస్తున్నరు" అనే పిల్ల రేడియోలో "వచ్చేస్తున్నారండీ" అంటే మీ నానమ్మే ముందు నవ్వుతుంది.

ఇక అసలు సంగతి. నేను మొదట కూర్చోబెట్టింది డోలు మోతతో మల్లన్న కథలు పాడి చెప్పే ఒక ఒగ్గుకథ పెద్దాయన్ని. కాగితం మీద పన్నెండు ప్రశ్నలు రాసుకున్నాను. మొదటిది "మీ కళ గురించి చెప్పండి". ఆయన గొంతు సవరించుకుని, కలెక్టరాఫీసులో చెప్పే మాటలన్నీ వరసగా చెప్పాడు. అంతరించిపోతున్న కళ, ఆదరణ కరువైంది, ప్రభుత్వం ఆదుకోవాలి. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మిగతా పదకొండు ప్రశ్నలకూ అవే ముక్కలు తిరగేసి చెప్పాడు. తప్పు ఆయనది కాదు. అట్లాంటి ప్రశ్నకు అట్లాంటి జవాబే వస్తుంది.

వైరు చుట్టుకుంటూ ఊరికే అడిగాను: "పెద్దయ్యా, రాత్రంతా కథ చెప్తే గొంతు ఎట్ల నిలబడ్తది?" అప్పుడు మొదలుపెట్టాడు. తను ఒక మాట ఎత్తి వదిలితే వంతవాళ్లు అందుకుంటారని, వాళ్లు పాడినంతసేపే తనకు ఊపిరని, డోలు దబదబ మోగేటప్పుడు పెదవులు ఆడించి ఊరుకున్నా ఎవరికీ తెలియదని చెప్పాడు. రాత్రి రెండు దాటాక ముందు వరసలో ఎవరి తల వాలితే వాళ్ల పేరు పెట్టి పిట్టకథ అల్లుతాడట. వినేవాళ్లలో వియ్యంకులు ఉంటే ఏ మాట మింగాలో కూడా చెప్పాడు. నలభై నిమిషాలు. రికార్డింగ్ మిషన్ ఆపేసి ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

అందుకే చెప్తున్నా, "అంతరించిపోతున్న" అనే మాట నీ నోట రానీయకు. బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని సంతాపం చెప్పినట్టు ఉంటుంది. ఆయనంతట ఆయన ఆ బాధ చెప్తే విను, కొయ్యకు. నువ్వు మాత్రం చేతి గురించి అడుగు, పని గురించి అడుగు. "సమాజానికి మీరిచ్చే సందేశం?" అని ఎవరినీ అడగకు. ఆ ప్రశ్నకు మంచి జవాబు నేను ఒక్కసారి కూడా వినలేదు.

గుడ్డ మీద కథల పటాలు గీసే చేర్యాల బొమ్మలవాళ్ల దగ్గరికి పోయావనుకో. బొమ్మ ఎంత అందంగా ఉందో నువ్వు పొగిడితే రేడియోలో వినేవాళ్లకు ఏం ఒరిగింది? గుడ్డతో మొదలుపెట్టు. సుద్ద, చింతగింజల జిగురు కలిపి గుడ్డకు ఎట్లా పట్టిస్తారు, ఎన్ని పూతలు, ఆరడానికి ఎంతసేపు, ముసురు పట్టిన రోజున ఏం చేస్తారు. వెనక రంగు ఎర్రగానే ఎందుకు వేస్తారు. ఇప్పుడు ఆ పటాలు గోడకు వేలాడదీసుకుంటున్నారు గాని, వెనకటికి వాటిని కొనేది కథలు చెప్పేవాళ్లు. పటం విప్పుకుంటూ ఊరూరా కథ చెప్పేవాళ్లు. చాకలివాళ్లకు మడేలు పురాణం, గౌడవాళ్లకు గౌడ పురాణం, పద్మశాలీలకు మార్కండేయ పురాణం. మరి ఆ కథకులు రావడం తగ్గాక గజాల కొద్దీ ఉండే పటం చిన్న చతురస్రం ఎట్లా అయింది? అందులో ఏ బొమ్మ మిగిలింది, ఏది పోయింది? ఈ ఒక్క ప్రశ్నతో అరగంట నడుస్తుంది.

ఇక్కడే కులం మాట వస్తుంది. మన కళల్లో కులం లేనిది వెతికినా దొరకదు, దాన్ని దాచిపెట్టి మాట్లాడితే అబద్ధం చెప్పినట్టే. అట్లని మైకు పెట్టి "మీదే కులం?" అని గుచ్చకు. వాళ్లు తమను ఏ పేరుతో చెప్పుకుంటే నువ్వూ అదే పేరు వాడు, ఊరివాళ్లు వెనక అనే పేరు వద్దు. డప్పువాళ్లతో ఇంకా జాగ్రత్త. చావుకు కొట్టం అని చెప్పేసిన పిల్లలు ఉన్నారు, అదే బతుకుదెరువైన పెద్దవాళ్లూ ఉన్నారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉంటారు. ఆ మాట రేడియోలో చెప్పాలనుకుంటున్నారా లేదా అని ముందురోజే ఇంటికి పోయి అడుగు. ముందురోజు పోయేటప్పుడు రికార్డర్ తీసుకుపోకు. చాయ్ తాగు, ముచ్చట పెట్టు, వచ్చెయ్.

డప్పంటే గుర్తొచ్చింది. ఒక వానాకాలం ఒక దళాన్ని స్టూడియోకి పిలిచాను. ముసురుకు తోలు మెత్తబడి డప్పు బొక్క కుండలాగా మోగింది. వాళ్లేమో గడ్డి తెచ్చి మంట పెడదామన్నారు. గోడలకు స్పాంజి అంటించిన గదిలో మంట పెడితే మా స్టేషనే మిగలదు. చివరికి అందరం వెనక పెరట్లోకి పోయి, రేకుల కింద చిన్న మంట పెట్టి, డప్పులు కాచుకుని అక్కడే రికార్డు చేశాం. మంట చిటపట కూడా పడింది. నేను చేసిన వాటిలో జనం ఎక్కువ అడిగి వేయించుకున్నది అదే. డప్పు ఎక్కడ బాగా పలుకుతుందో నువ్వే అక్కడికి పో. సిర్రతో, అంటే లావు పుల్లతో, గట్టిగా కొట్టే దెబ్బ ముందు ఒకసారి కొట్టించుకుని సౌండ్ లెవెల్ పెట్టుకో. సన్నటి సిటికెన పుల్ల చప్పుడుకు పెట్టుకున్నావంటే తర్వాత అంతా బరబరే.

కంటితో చూసేవాటిని మాటల్లో చెప్పడానికి ఒక ఉపాయం ఉంది. మల్లన్న పట్నం వేయడం తీసుకో. మల్లన్న పూజకు ఒగ్గువాళ్లు నేల మీద ముగ్గు పోసినట్టు పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడి పోస్తూ పోతారు. చూస్తే కళ్లు తిరుగుతాయి, రేడియోలో ఏముంది? నేను పోసేవాళ్ల పక్కనే కూర్చుని, ఇప్పుడు చేతిలో ఏ రంగుంది, గీత ఎటు పోతోంది అని చెప్పించుకుంటూ పోయాను. తర్వాత దాని చుట్టూ నడిచి అడుగులు లెక్కపెట్టి చెప్పాను. "అద్భుతమైన పట్నం" అంటే ఎవరికీ కనిపించదు. "ఈ కొస నుంచి ఆ కొసకు నా అడుగుతో పదిహేడు" అంటే ఇంట్లో కూర్చున్నావిడ తన వాకిలితో పోల్చుకుంటుంది. ఇంకొకటి, సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర రోజులు. ఆ ఆదివారాల్లో ఒగ్గువాళ్లను స్టూడియోకి రమ్మనకు. అది వాళ్ల పంట చేతికొచ్చే కాలం.

డబ్బు మాట మొహమాటం లేకుండా ముందే తేల్చు. మాట్లాడటానికి వచ్చినవాళ్లను "ఒక పాట అందుకోండి" అని మధ్యలో అడగడం మనకు సరదా. వాళ్లకు అది పని. దర్జీ దగ్గరికి చుట్టంగా వచ్చి ఒక జాకెట్ ఊరికే కుట్టిపెట్టమన్నట్టు. స్టేషన్ దగ్గర పెద్దగా ఉండదు, తెలుసు. ఉన్నదాంట్లో దారిఖర్చు, చిన్న సంభావన ముందే చెప్పి ఇవ్వు. ఏమీ లేకపోతే పాట అడగకు, మాటే అడుగు.

మైకు మనిషి నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. నీ చెవులకు హెడ్‌ఫోన్ తప్పనిసరి. వాళ్లు మాట్లాడుతుంటే "ఊఁ, ఊఁ" అనకు, తల ఊపు. నా మొదటి రికార్డింగుల్లో నా ఊకొట్టుడు కొయ్యలేక చచ్చాను. జవాబు అయిపోయిందనిపించాక కూడా మూడు లెక్కపెట్టేదాకా ఆగు. ఆ మూడులోనే అసలు మాట బయటికొస్తుంది. లేచే ముందు అందరినీ అరనిమిషం నిశ్శబ్దంగా కూర్చోబెట్టి ఆ గది చప్పుడు పట్టుకో. కోసి అతికేటప్పుడు అదే కుట్టుకు జాగా. ఇంటి దగ్గర రికార్డు చేస్తే ఫ్యాను ఆపించు, ఫ్రిజ్ ఆపించు. ఒకసారి ఒకరింట్లో ఫ్రిజ్ ఆపి మళ్లీ వేయడం మరిచిపోయి వచ్చాను. నాలుగు లీటర్ల పాలు విరిగిపోయాయి. అప్పటినుంచి ఎవరింట్లో ఫ్రిజ్ ఆపినా నా బండి తాళంచెవి ఆ ఫ్రిజ్‌లోనే పెట్టేదాన్ని. చెవి కోసం తలుపు తీయక తప్పదు, స్విచ్ వేయక తప్పదు.

ఊరి కార్యక్రమాలు చెప్పేటప్పుడు "రేపు", "ఎల్లుండి" అనకు. తేదీ, వారం, చోటు చెప్పు, రెండుసార్లు చెప్పు. "రేపు సాయంత్రం బడి మైదానంలో చిందు భాగోతం" అని నేను సంబరంగా చెప్పాను. మా పొగ్రాం మర్నాడు పొద్దున మళ్లీ వేస్తారని మరిచిపోయాను. అది విన్నవాళ్లు ఒక రోజు ఆలస్యంగా మైదానానికి పోయారు. అక్కడ మేకలు తప్ప ఎవరూ లేరు. ఒక ముసలమ్మ ఆటోకు డబ్బులు పెట్టుకుని వచ్చిందని తెలిసి ఇంటికి పోయి క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె నాతోనే పాత చిందోళ్ల ముచ్చట్లు గంటసేపు చెప్పింది, అది వేరే సంగతి. ఆలిండియా రేడియో వార్తలు ఉన్నవి ఉన్నట్టు వేయడం తప్ప మనం సొంతంగా వార్తలు చెప్పకూడదు. జాతర, పరీక్షలు, వాన, నీళ్లు, కరెంటు లాంటి కబుర్లు చెప్పొచ్చు. వాడలో మోరీ గురించి మాట్లాడు, నీళ్లు ఎటు పోవాలో ఎక్కడ ఆగాయో మాట్లాడు. ఎన్నికల ప్రచారం చేయకు. ప్రకటనల సంగతి మేనేజర్ చూసుకుంటాడు, కాని షాపు ఓపెనింగ్‌ను ముచ్చటలాగా కలిపేయమంటే మాత్రం నువ్వు ఒప్పుకోకు.

రికార్డు చేశాక ముందు మాట్లాడినవాళ్లకే వినిపించు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో ఉంది కదా, డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల దళిత మహిళలు నడిపేది. 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలైంది. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి వాళ్లు పాటలు, విత్తనాల ముచ్చట్లు క్యాసెట్లలో పట్టి సంఘం కూర్చున్నప్పుడు వినిపించుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చనడానికి 2006 వచ్చింది మరి. నువ్వు కూడా మొదటి రెండు ముచ్చట్లు ప్రసారానికి ముందే వాడలో నలుగురిని కూర్చోబెట్టి వినిపించు. ఎక్కడ నవ్వారో, ఎక్కడ లేచి చాయ్‌కి పోయారో చూడు. లేచిపోయిన చోట కత్తెర వెయ్. ఎవరైనా "ఈ మాట తీసెయ్ బిడ్డా" అంటే వాదించకుండా తీసెయ్.

ప్రసారమైన పొగ్రాంలు మూడు నెలలు దాచాలని రూలు. నువ్వు రూలును పట్టించుకోకుండా ఎప్పటికీ దాచు. ఫైలుకు తేదీ, ఊరు, మనిషి పేరు, ఏ సంగతో రాసి, రెండు చోట్ల పెట్టు. "న్యూ రికార్డింగ్ 47" అని వదిలేస్తే అది ఉన్నా లేనట్టే.

ఆ ఒగ్గు పెద్దాయన దగ్గరికి తర్వాత ఇంకో మూడుసార్లు పోయాను, ఈసారి మిషన్ వేసుకునే. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ రికార్డింగులు నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. ఇస్తాను గాని, వేసే ముందు ఆయన కొడుకును అడుగు. మార్కెట్ యార్డు దగ్గర ఆటో నడుపుతాడు, రాత్రిళ్లు డోలు కొడతాడు. తండ్రి గొంతు వినిపించి, వంత పాడేవాడికి కథ ఎప్పుడు అందుకోవాలో ఎట్లా తెలుస్తుందని అడుగు చాలు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా. నా హెడ్‌ఫోన్ తెస్తాను, ఎడమ చెవి దిక్కు కొంచెం గరగరమంటుంది, టేపు చుట్టించుకో.

మీ పెద్దమ్మ