పిల్లి లావైందని పస్తు పెట్టొద్దు.. తూకం వేసి పెట్టండి

ప్రశ్న: మా పర్షియన్ పిల్లికి ఐదేళ్లు. మగది. రెండేళ్లప్పుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. అప్పుడు 4.8 కిలోలు ఉండేది, ఇప్పుడు 6.8 కిలోలకు చేరింది. గిన్నెలో డ్రై ఫుడ్ ఎప్పుడూ ఉంటుంది. రోజుకు 80 గ్రాముల దాకా తింటుంది. ఇది కాక మా అత్తయ్య సాయంత్రం అర టీ గ్లాసు గేదె పాలు, రాత్రి రెండు మూడు ముద్దలు పెరుగన్నం పెడతారు. ఇప్పుడు సోఫా మీదికి ఎగరలేకపోతోంది. నడుము దగ్గర బొచ్చు ఉండలు కడుతోంది. రెండు రోజులు పస్తు ఉంచమని ఒకరు, మాంసం వాసన లేకుండా అన్నం మీదే ఉంచమని ఇంకొకరు అంటున్నారు. షాపులో అడిగితే ‘లైట్’ అని రాసి ఉన్న ప్యాకెట్ ఇచ్చారు. ఏది పెట్టాలి, ఎంత పెట్టాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ పస్తు ఆలోచన మానేయండి. లంఖణం పరమౌషధం అన్న మాట మనుషులకు చెల్లుతుందేమో గానీ, లావు పిల్లికి ప్రాణం మీదికి తెస్తుంది. తిండి ఆగగానే ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు కరిగి ఒక్కసారిగా కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును ఖర్చు చేసే శక్తి గానీ, ప్రొటీన్‌తో కలిపి బయటికి పంపే వీలు గానీ పస్తున్న పిల్లి కాలేయానికి ఉండదు. దాంతో కొవ్వు కాలేయ కణాల్లోనే పేరుకుపోతుంది. రెండు మూడు రోజులు తినకపోయినా ఇది మొదలు కావచ్చు. పిల్లి ఎంత లావుగా ఉంటే ముప్పు అంత ఎక్కువ. ఆ స్థితికి వస్తే గొట్టం వేసి వారాల తరబడి ఆహారం ఎక్కించాల్సి వస్తుంది. కాబట్టి కొత్త ఆహారం నచ్చక మీ పిల్లి ఒక రోజంతా సగం కూడా తినకపోతే పాత ఆహారమే పెట్టేయండి. ‘ఆకలేస్తే అదే తింటుందిలే’ అని మొండికేయొద్దు. అయినా ముట్టకపోతే, వాంతులవుతుంటే, చొంగ కారుతుంటే, చెవుల లోపల గానీ చిగుళ్ల మీద గానీ పసుపు రంగు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అన్నం సంగతి. పిల్లి పూర్తిగా మాంసాహారి. ఇది అలవాటు కాదు, దాని శరీర నిర్మాణమే అంత. టారిన్ అనే పోషకాన్ని దాని ఒళ్లు చాలినంత తయారు చేసుకోలేదు. క్యారెట్‌లో ఉండే కెరోటిన్‌ను విటమిన్-ఎగా మార్చుకోలేదు. ఇవి మాంసం నుంచి రావాల్సిందే. పిల్లుల్లో గుండె కండరం పలచబడి గుండె ఉబ్బిపోయే జబ్బుకు టారిన్ లోపం కారణమని 1987లో అమెరికా పరిశోధకులు తేల్చిన తర్వాతే కంపెనీలు ఆహారంలో దాని మోతాదు పెంచాయి. పెరుగన్నం మీద ఉంచితే పిల్లి సన్నబడదు, కండ కరిగి కొవ్వు మిగులుతుంది. ఇంట్లో మాంసం ముట్టని వాళ్లుంటే నాకు అర్థమవుతుంది. వెట్ ఫుడ్ (తడిగా ఉండే మాంసాహారం) చిన్న ప్యాకెట్లలో, అంటే పౌచ్‌లలో వస్తుంది. దాన్ని కత్తిరించి నేరుగా పళ్లెంలో వేస్తే చేయి తగలాల్సిన పని కూడా లేదు.

ఇక మీ పిల్లి ఇప్పుడు తింటున్నదెంతో చూద్దాం. మామూలు డ్రై ఫుడ్ 100 గ్రాములకు 350 కేలరీలు వేసుకుంటే 80 గ్రాములకు 280. గేదె పాలు 60 మిల్లీలీటర్లకు మరో 60. పెరుగన్నం 50 గ్రాములనుకుంటే ఇంకో 50. మొత్తం దాదాపు 390 కేలరీలు. ఆపరేషన్ అయిన పిల్లికి శక్తి అవసరం పావు వంతు దాకా తగ్గుతుంది, ఆకలేమో పెరుగుతుంది. ఎప్పుడూ నిండుగా ఉండే గిన్నె అక్కడే దెబ్బ తీస్తుంది.

దానికి కావాల్సిందెంత? ఈ లెక్క ఇప్పుడున్న బరువుకు కాదు, ఉండాల్సిన బరువుకు వేయాలి. మీ పిల్లి విషయంలో 5 కిలోలు సరైన లక్ష్యం. ఆ బరువు పిల్లికి కదలకుండా పడుకున్నా ఖర్చయ్యే శక్తి రోజుకు సుమారు 234 కేలరీలు. బరువు తగ్గించడానికి అందులో 80 శాతం, అంటే 187 కేలరీలతో మొదలుపెడతాం. ఇప్పుడు తింటున్నదాంట్లో సగం కన్నా తక్కువ. ఒక్కసారిగా ఇంత కోత పెట్టకూడదు. మొదటి వారం పాలు, పెరుగన్నం మాత్రమే ఆపండి. దాంతోనే 280కి దిగుతుంది. రెండో వారం డ్రై ఫుడ్ 50 గ్రాములకు తగ్గించి, రోజుకు ఒక వెట్ ఫుడ్ పౌచ్ కలపండి. మూడో వారం నుంచి 85 గ్రాముల పౌచ్‌లు రెండు, డ్రై ఫుడ్ 21 గ్రాములు.

వెట్ ఫుడ్ ఎందుకంటున్నానో లెక్కలోనే తెలుస్తుంది. 187 కేలరీలను ఒక్క డ్రై ఫుడ్‌తోనే ఇస్తే పళ్లెంలో పడేది 53 గ్రాములు. 80 గ్రాములకు అలవాటు పడిన పిల్లి దాంతో ఊరుకోదు, తెల్లవారుజామున నాలుగింటికి మీ మొహం మీద పంజా వేసి లేపుతుంది. అవే కేలరీలు రెండు పౌచ్‌లు, 21 గ్రాముల డ్రై ఫుడ్‌గా ఇస్తే పళ్లెంలో పడేది 190 గ్రాములు. పొట్ట నిండుతుంది. ప్రొటీన్ కూడా 17 గ్రాముల నుంచి 22 గ్రాములకు పెరుగుతుంది. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా కాపాడేది ఈ ప్రొటీనే. పైగా వెట్ ఫుడ్‌లో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. లావుగా ఉండి, ఇంటిపట్టునే ఉండే మగ పిల్లులకు మూత్రం అడ్డుకునే జబ్బు ఎక్కువ. కాబట్టి ఆ నీరు ఒంట్లోకి వెళ్లడం రెండిందాలా మంచిది. మీ పిల్లి లిట్టర్ ట్రేలో (మలమూత్రాలకు పెట్టే ట్రేలో) కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మలబద్ధకం అనుకుని తెల్లారేదాకా ఆగొద్దు. అది అత్యవసర పరిస్థితి.

ప్యాకెట్ వెనక చదవడం నేర్చుకోండి

ముందు వైపు ఉన్న బొమ్మలు, ‘లైట్’, ‘ఇండోర్’, ‘గ్రెయిన్ ఫ్రీ’ లాంటి మాటలు చూసి కొనొద్దు. ధాన్యం లేదంటే పిండి పదార్థం లేదని కాదు. దాని బదులు బంగాళాదుంప, బఠాణీ వేస్తారు. కొన్నింట్లో కొవ్వు మామూలు రకాల కన్నా ఎక్కువే ఉంటుంది.

ప్యాకెట్ తిప్పితే ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలుంటాయి. ఒక డ్రై ఫుడ్‌లో ప్రొటీన్ 32, కొవ్వు 12, పీచు 3, తేమ 10 అని ఉందనుకోండి. బూడిద (ఖనిజాల) శాతం రాయకపోతే 8 వేసుకోండి. వీటన్నింటినీ కలిపి 100లోంచి తీసేస్తే మిగిలేది పిండి పదార్థం, 35. ఇప్పుడు ప్రొటీన్‌ను, పిండిని 3.5తో, కొవ్వును 8.5తో హెచ్చించి కూడండి. 100 గ్రాములకు 337 వస్తుంది. ప్రొటీన్, కొవ్వులకు ప్యాకెట్ మీద ఉండేవి కనీస శాతాలు కాబట్టి అసలు కాస్త ఎక్కువే ఉంటుంది. అందుకే 350 పట్టుకున్నాను. పౌచ్‌కూ ఇదే లెక్క. ప్రొటీన్ 9, కొవ్వు 3, పీచు అర, తేమ 83, బూడిద 2 ఉంటే 100 గ్రాములకు 66 కేలరీలు. అంటే ఒక పౌచ్‌కు 56. మీరు కొన్న పౌచ్‌లో ఈ అంకెలు వేరుగా ఉంటే డ్రై ఫుడ్ గ్రాములు దాన్ని బట్టి సర్దుకోండి.

9 శాతం ప్రొటీన్ చూసి ‘ఇందులో ఏముంది, డ్రైలో 32 ఉందిగా’ అంటుంటారు. నీళ్లు తీసేసి పోల్చాలి. పౌచ్‌లో నీరు పోగా మిగిలేది 17 గ్రాములు. అందులో 9 ప్రొటీన్, అంటే సగానికి పైనే. డ్రైలో 90కి 32, మూడో వంతు పైచిలుకు.

ఇంకో రెండు చూడాలి. ‘కంప్లీట్’ అని ఉన్నదే కొనండి. ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది నంజుకోవడానికే, రోజూ పెట్టే భోజనం కాదు. అలాగే ‘కిట్టెన్’ ప్యాకెట్ పెద్ద పిల్లికి వద్దు. ఎదిగే పిల్లల కోసం చేసింది కాబట్టి కేలరీలు ఎక్కువ. కుక్కల ఆహారంలో పిల్లికి కావాల్సిన టారిన్ ఉంటుందన్న భరోసా లేదు, ఎంత చవకగా దొరికినా పెట్టొద్దు.

మీ పిల్లి లాగా లక్ష్యం కన్నా మూడో వంతు ఎక్కువ బరువున్నప్పుడు ఆ డ్రై ఫుడ్ స్థానంలో బరువు తగ్గించే వైద్య ఆహారం వాడటం మేలు. హిల్స్, రాయల్ కానిన్, ఫార్మినా కంపెనీలవి మన దగ్గర దొరుకుతాయి. మామూలు ఆహారాన్ని బాగా కోస్తే కేలరీలతో పాటు విటమిన్లు, ఖనిజాలు కూడా కోతపడతాయి. వీటిలో ఆ కోతను ముందే లెక్కేసి పోషకాలు దట్టిస్తారు. అయితే డాక్టర్ చూశాకే మొదలుపెట్టండి. వెళ్లినప్పుడు రక్తంలో చక్కెర, కిడ్నీ పరీక్షలు చేయించండి. పర్షియన్లలో కిడ్నీల్లో నీటి తిత్తులు వంశపారంపర్యంగా రావచ్చు, ఒకసారి పొట్ట స్కానింగ్ కూడా అవసరం. కిడ్నీలు దెబ్బతిని ఉంటే నేను పైన చెప్పిన ఆహారం మారిపోతుంది. సోఫా ఎక్కలేకపోవడం బరువు వల్లే కాకుండా కీళ్ల అరుగుదల వల్ల కూడా కావచ్చు, అదీ చూపించండి.

ఉడికించిన చికెన్ పెట్టొచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. వట్టి చికెన్‌లో కాల్షియం దాదాపు లేదు. ఉడికించి నీళ్లు పారబోస్తే టారిన్ కూడా చాలావరకు ఆ నీళ్లతోనే పోతుంది. నెలల తరబడి అదే భోజనమైతే ఎముకలు బలహీనపడతాయి. ట్రీట్‌గా అయితే సరే. రోజు కేలరీల్లో పదో వంతు మించకూడదు. మీ పిల్లికి అది 19 కేలరీలు, అంటే చర్మం, ఎముక లేకుండా ఉడికించిన బ్రెస్ట్ 12 గ్రాములు. అది పెట్టిన రోజు డ్రై ఫుడ్ 5 గ్రాములు తగ్గించండి. ఉప్పు, నూనె, మసాలా ఏదీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర పులుసు అసలే వద్దు. అవి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. లివర్ రోజూ పెడితే విటమిన్-ఎ ఎక్కువై మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ. పాలు అలవాటే గానీ అవసరం కాదు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు కూడా.

పెట్టే పద్ధతి

వంటింట్లో వాడే డిజిటల్ తూకం ఒకటి కొనండి, గ్రాముల్లో చూపించేది. కప్పుతో కొలిస్తే ఒకరు గీత దాకా పోస్తారు, ఇంకొకరు గోపురం కట్టి పోస్తారు. 21 గ్రాముల్లో 5 గ్రాములు అటూ ఇటూ అయితే పావు వంతు తేడా. పొద్దున్నే ఆ రోజు డ్రై ఫుడ్ తూచి ఒక చిన్న డబ్బాలో వేసేయండి. ఇంట్లో ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే.

బయట వేటాడే పిల్లి ఒక ఎలుక తింటే దక్కేది సుమారు 30 కేలరీలు. అంటే రోజులో పలుమార్లు కొంచెం కొంచెం తినడం దాని స్వభావం. కాబట్టి పౌచ్‌లను నాలుగు సగాలుగా పంచండి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మీరు పడుకోబోయే ముందు. ఆఖరిది తప్పనిసరి, తెల్లవారుజాము గోల తగ్గేది దాంతోనే. చదునైన ముఖం గల పర్షియన్‌కు లోతు గిన్నెలో మూతి ఆనదు, వెడల్పాటి పళ్లెం వాడండి. విప్పిన పౌచ్‌లో మిగిలిన సగం ఫ్రిజ్‌లో పెట్టి, ఇచ్చే ముందు గిన్నెను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి చలి పోగొట్టండి. చల్లగా ఉంటే వాసన రాదు, వాసన రాకపోతే పిల్లి ముట్టదు. ఎండాకాలంలో అరగంటకు మించి పళ్లెంలో వదలొద్దు.

బరువు వారానికి 1 శాతం తగ్గితే చాలు. మీ పిల్లికి అది దాదాపు 70 గ్రాములు. ఈ లెక్కన 5 కిలోలకు రావడానికి ఆరేడు నెలలు పడుతుంది, ఇంకాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. మనుషుల వెయింగ్ మెషీన్ మీద ఎత్తుకుని చూస్తే ఈ తేడా తెలియదు. పసిపిల్లలను తూచే మెషీన్ మీద రెండు వారాలకోసారి, పొద్దున తిండికి ముందు చూసి రాసుకోండి. వారానికి 130 గ్రాములకు మించి పడిపోతుంటే ఆహారం పదో వంతు పెంచండి. నాలుగు వారాలైనా కదలకపోతే ముందు అనుమానించాల్సింది ప్యాకెట్‌ను కాదు, పక్క ఫ్లాట్‌ను. అక్కడేమీ తినడం లేదని తేలాక 5 నుంచి 10 శాతం తగ్గించండి. 160 కేలరీల కిందికి డాక్టర్ చెప్పకుండా దిగొద్దు.

పర్షియన్‌కు బొచ్చు మోసం చేస్తుంది కాబట్టి కంటితో కాకుండా చేత్తో చూడండి. మీ అరచేయి చాచి, చేతి వెనక వైపు తడిమితే ఎముకలు ఎలా తెలుస్తాయో, పిల్లి పక్కటెముకలు కూడా అలా తెలియాలి. ఇప్పుడు అరచేతి మెత్త తడిమినట్టు ఉంటుంది. నడిచేటప్పుడు వెనక కాళ్ల ముందు ఊగే వదులు చర్మం మాత్రం సన్నపిల్లులకూ ఉంటుంది, అది పోలేదని దిగులు పడొద్దు.

మీ అత్తయ్య గారిని పెట్టొద్దని ఆపితే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది, చాటుగా పెట్టడమూ మొదలవుతుంది. రాత్రి పెరుగన్నం వేళకు ఆ డబ్బాలోంచి 7 గ్రాములు తీసి ఆవిడ చేతికే ఇవ్వండి. ఒక్కో గింజ హాల్లో దూరంగా విసిరితే పిల్లి పరుగెత్తి తెచ్చుకు తింటుంది. ఐదు నిమిషాలు చాలు. నోరు తెరిచి రొప్పడం మొదలుపెడితే వెంటనే ఆపమనండి. ఆ రొప్పు మళ్లీ కనిపిస్తే గుండె పరీక్ష కూడా చేయించాలి.