మాన్పించే ముందు, ఎందుకు చేస్తున్నాడో చూడు

విశాఖపట్నం

చి.ల.సౌ. సుధకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం పక్కన మీ అత్తగారు వింటున్నారని నేనే మింగేస్తాను. అందుకని కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో, మీ ఆయన చేత కూడా చదివించు.

ఆటిజం ఉన్న మీ అబ్బాయి బన్నీ గురించి, "చేతులు ఆడించడం, ఊగడం, మూతలు తిప్పడం, ఇవన్నీ ఎలా మాన్పించాలి పెద్దమ్మా" అని అడిగావు. ఆ పని వల్ల వాడికి ఏం దొరుకుతోందో తెలుసుకోకుండా మాన్పిస్తే, నాలుగు రోజులు తిరక్కుండా దాని బదులు ఇంకోటి పట్టుకుంటాడు. ఆ రెండోది మొదటిదానికంటే కష్టంగా ఉండొచ్చు. స్పెషల్ స్కూల్లో పనిచేసినన్నాళ్ళూ చూశాను కదా, ఇంట్లో చేతులు కదపనివ్వని పిల్లల్లో కొందరు మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టేవాళ్ళు.

మొన్న ఆదివారం నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు బన్నీని చూస్తూ కూర్చున్నాను. హాల్లో నేల మీద బోర్లా పడుకుని స్టీలు గిన్నె మూత తిప్పుతున్నాడు. చెంప నేలకి ఆనించి, మూత అంచు మీద ట్యూబ్‌లైటు వెలుగు పరిగెడుతుంటే ఒక కంటితో చూస్తున్నాడు. మూత ఆగబోయే ముందు నేలకి టకటకా కొట్టుకుంటుంది చూడు, అది వినగానే నవ్వు. మళ్ళీ తిప్పడం. ఒళ్ళంతా వదులుగా, హాయిగా ఉంది. ఇంతలో మీ కుక్కర్ కూతకి ముందు బుసకొట్టడం మొదలైంది. మనకది లెక్కలోకే రాదు. వాడు మూత అక్కడే వదిలేసి సోఫా ఎక్కాడు, ఒకటే గెంతులు, గొంతులోంచి "ఊఁ" అని ఒకటే మోత. కూత అయిపోయాక కూడా చాలాసేపు ఆపలేదు. అప్పుడు నువ్వు వచ్చి "మళ్ళీ మొదలెట్టావా" అన్నావు.

చూసేవాళ్ళకి రెండూ ఒకే రకం అల్లరి. నాకు మాత్రం మూత తిప్పడం వాడి సరదా అనిపించింది, రెండోది తట్టుకోలేక చేసింది. కుక్కర్ చప్పుడు వాడి చేతిలో లేదు, వాడి గొంతు వాడి చేతిలో ఉంది. అందుకే ఆ చప్పుడు మీద తన చప్పుడు కప్పుకున్నాడు. గెంతితే కాళ్ళకీ కీళ్ళకీ బరువు తగిలి ఒళ్ళు కుదుటపడుతుంది. ఆ టైములో నోరు మూయించి కూర్చోబెడితే వాడికున్న రెండు ఆసరాలూ లాగేసుకున్నట్టే.

మనకి బళ్ళో జ్ఞానేంద్రియాలు ఐదని చెప్పారు. ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి వెళితే ఇంకో మూడింటి గురించి చెబుతారు. లోపలి చెవిలో ఉండి ఒంటి బ్యాలెన్స్ చూసుకునేది ఒకటి. కండరాలూ కీళ్ళ నుంచి మన కాళ్ళూ చేతులూ ఎక్కడున్నాయో కబురు పంపేది ఇంకొకటి. ఆకలి, దాహం, ఒంటికి రావడం, ఒళ్ళు వేడెక్కడం తెలిపేది మూడోది. వీటిలో కొన్ని కబుర్లు మన పిల్లలకి మరీ గట్టిగా అందుతాయి, కొన్ని సరిగా అందనే అందవు. ఒకే పులుసు తిని ఒకరు ఉప్పు చాల్లేదని, ఇంకొకరు కషాయమని అంటారే, అలాంటిదే ఇది. చిక్కేమిటంటే ఆ ఇద్దరూ ఒకే పిల్లాడిలో ఉంటారు. బన్నీకి చప్పుడు ఎక్కువవుతుంది, కానీ గెంతడం ఎంతకీ చాలదు. నిన్న తట్టుకున్నది ఇవాళ తట్టుకోలేకపోవచ్చు. రాత్రి నిద్ర పట్టలేదేమో, జలుబు చేసిందేమో చూడాలి.

ఇదేదో కొత్తగా పుట్టిన మాట కాదులే. 1943లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే, పెద్ద చప్పుళ్ళకి హడలిపోవడం, వస్తువులు గిరగిరా తిప్పి మురిసిపోవడం ఆయన కంటపడ్డాయి. అయినా డాక్టర్లు ఆటిజాన్ని గుర్తించడానికి వాడే డీఎస్ఎం పుస్తకంలో ఈ సెన్సరీ సంగతి, అంటే ఇంద్రియాల కబుర్లు తేడాగా అందడం, లక్షణాల జాబితాలోకి ఎక్కింది 2013లోనే. అదీ ఎక్కడ చేర్చారనుకున్నావు? చేసిందే చేయడం, తిప్పిందే తిప్పడం ఉన్న వరసలోనే.

ఇక నువ్వు చేయాల్సిన పని. ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ తీసుకో. రెండు వారాల పాటు మాన్పించే ప్రయత్నమేదీ చేయకు, రాయి అంతే. ఏం చేశాడు, ఏ టైములో, దానికి ముందు ఇంట్లో ఏం జరుగుతోంది, తర్వాత నెమ్మదించాడా, ఇంకా రెచ్చిపోయాడా. ముందు జరిగినదే అసలైంది, అది తప్పకుండా రాయి. మిక్సీ వేశారా, చుట్టాలొచ్చారా, కరెంటు పోయి ఫ్యాన్ ఆగిందా, తిని ఎంతసేపైంది, విరేచనం అయి ఎన్నాళ్ళైంది. మన ఊరి సంగతులు కూడా రాసుకో. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఉక్కపోతకి చొక్కా వీపుకి అతుక్కుంటే మనకే చిరాకు. కాలరు వెనక లేబుల్ గుచ్చుకునే పిల్లాడికి ఎలా ఉంటుంది? నేవీ వాళ్ళ విన్యాసాలకి ముందు రిహార్సల్స్ మొదలైతే బీచ్ వైపు ఇళ్ళ మీదుగా విమానాలు, హెలికాప్టర్లు తిరుగుతాయి. ఆ రోజుల్లో సాయంత్రం పేచీ ఎక్కువైతే కారణం వాడిలో వెతక్కు, ఆకాశంలో వెతుకు.

రాస్తూ పోతే నీకే తెలుస్తుంది. కాలరు నమిలి తడిపేస్తున్నాడన్నావు కదా. అది స్కూల్ నుంచి వచ్చాకే ఎక్కువైతే, దవడకి గట్టి పని అడుగుతున్నాడని నా అనుమానం. నమలడం చాలామంది పిల్లల్ని కుదుటపరుస్తుంది. స్కూల్ నుంచి రాగానే కూర్చోబెట్టి జంతికలో చెక్కలో పెట్టు, పక్కనే ఉండు. చిక్కటి లస్సీ స్ట్రాతో తాగించినా అంతే, పీల్చడానికి బలం పెట్టాలి కదా. బడిలోకైతే నమలడానికే చేసిన సిలికాన్ లాకెట్లు దొరుకుతాయి. అవి అరిగి ముక్కలు ఊడకుండా చూసుకుంటుండాలి.

గెంతడం, సోఫా మీద నుంచి దూకడం, గోడకి వీపు కొట్టుకోవడం, ఇవన్నీ కండరాలకి బరువు కోరుకునే పనులు. దీనికి మన ఇళ్ళలో ఉన్నంత మందు ఏ థెరపీ సెంటర్లోనూ లేదు. పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన కూరగాయల సంచి మెట్ల మీదుగా మోయించు. చపాతీ పిండి పిసికించు. బకెట్‌లో సగం నీళ్ళు పోసి మొక్కల దాకా మోసుకెళ్ళమను. తడి టవల్ చెరో పక్కా పట్టుకుని పిండండి. ఏడుపు మొదలయ్యాక ఇవేవీ పనిచేయవు. స్కూల్‌కి బయలుదేరే ముందు, హోంవర్క్‌కి కూర్చోబెట్టే ముందు, కుక్కర్ పెట్టే ముందు చేయించాలి. ముందే కడుపు నిండితే దేబిరించడు.

ఊగడానికి ఊయల మంచిది. ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగితే మామూలుగా పిల్లలు నెమ్మదిస్తారు. గిరగిరా తిప్పితే రెచ్చిపోతారు, కొందరికి వాంతి కూడా అవుతుంది. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా వెంటనే ఆపు. తనంతట తాను తిరగడం వేరు, మనం తిప్పడం వేరు. ఇంకొకటి, వాణ్ణి పట్టుకునేటప్పుడు వేళ్ళ కొసలతో సున్నితంగా నిమరకు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఆ మెత్తటి స్పర్శే చీమలు పాకినట్టుంటుంది. అరచెయ్యి మొత్తం ఆనించి, నిదానంగా, గట్టిగా పట్టుకో. అదీ "పట్టుకోనా" అని అడిగి, వాడు ఒప్పుకుంటేనే.

చప్పుళ్ళ విషయంలో, మిక్సీ స్విచ్ వాడి చేత వేయించు. తను వేసిన చప్పుడు తట్టుకోవడం తేలిక. చెవులకి పెట్టుకునే ఇయర్ మఫ్స్ కొనుక్కో, పెళ్ళి బాజాలకీ దీపావళికీ పనికొస్తాయి. అలాగని పొద్దస్తమానం పెట్టి ఉంచకు, మామూలు చప్పుళ్ళు కూడా ఓర్చుకోలేని స్థితికి వస్తాడు. సింహాచలంలో తలనీలాల మొక్కు ఉందన్నావు. చందనోత్సవం రోజుల్లో మాత్రం వద్దు, ఆ రద్దీలో పెద్దవాళ్ళకే ఊపిరాడదు. రద్దీ లేని రోజు చూసుకుని పొద్దున్నే వెళ్ళండి. వారం ముందు నుంచి ఇంట్లో రోజూ తడి చెయ్యితో తల మీద గట్టిగా అదిమి అలవాటు చెయ్యి. అక్కడ వాడు ఒప్పుకోకపోతే తిరిగొచ్చేయండి. అప్పన్న ఏమీ అనుకోడు, అనుకునేది మీ ఆడపడుచే.

సముద్రం మాట మర్చిపోకముందే రాయాలి. తడి ఇసుకలో నడవడం, గుంటలు తవ్వడం, బకెట్‌తో ఇసుక మోయడం, బన్నీకి ఇంతకంటే మంచి థెరపీ ఉండదు. పొద్దున ఆరింటికి ఆర్కే బీచ్‌లో జనమూ తక్కువే. కానీ ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్ళంటే ఒక లాగుడు, భయం తెలీదు, చెప్పకుండా వెళ్ళిపోతారు. ఆర్కే బీచ్‌లో, రుషికొండలో అలల లాగుడు ఎలాంటిదో ఏటేటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఇద్దరు పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళొద్దు, ఫోన్ జేబులోంచి తీయొద్దు. వాడి చేతికి మీ నంబరున్న బ్యాండ్ వేయండి. పూల్‌లో ఈత నేర్పించడం ఈ ఏడే మొదలుపెట్టండి.

మరి ఏవి ఆపాలి అంటావా? వాడికో పక్కవాళ్ళకో దెబ్బ తగిలేవి ఆపాలి. తల బాదుకోవడం, కొరుక్కోవడం, కంట్లో వేలు పొడుచుకోవడం లాంటివి. అవైనా తిట్టి ఆపేవి కాదు. కొత్తగా తల బాదుకోవడం మొదలైతే ముందు చెవి, పన్ను, మలబద్ధకం చూపించు. మాటలు లేని పిల్లాడు నొప్పిని ఇలాగే చెబుతాడు. సున్నం, మట్టి, బలపం తింటుంటే రక్త పరీక్ష చేయించాలి, ఐరన్ తక్కువై ఉండొచ్చు. ఎటో చూస్తూ ఉండిపోయి, పిలిచినా తట్టినా పలకకపోతే అది ఈ లెక్కలోకి రాదు, ఫిట్స్ కావచ్చు. ఫోన్లో వీడియో తీసి పిల్లల న్యూరాలజిస్టుకి చూపించు. ఆ వీడియో పది మాటలకంటే పనికొస్తుంది.

సంతోషం పట్టలేక చేతులు ఆడిస్తే ఆడించనీ. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగి 2019లో ఒక అధ్యయనం అచ్చువేశారు. ఇవి తమకి ఆసరా అనీ, బలవంతంగా ఆపించడం తమకి ఇష్టం లేదనీ వాళ్ళు చెప్పుకున్నారు. లిఫ్ట్‌లో ఎవరో వింతగా చూశారని వాడి చేతులు పట్టుకోకు. చూసేవాళ్ళు రెండు ఫ్లోర్లలో దిగిపోతారు.

డబ్బు సంగతి. సెన్సరీ కిట్లని ఆన్‌లైన్లో అమ్మేవాటికి వేలు తగలేయకు. బరువు దుప్పట్లు తెగ అమ్ముతున్నారు. 2014లో బ్రిటన్‌లో పరీక్షించి చూస్తే పిల్లలకి అవి నచ్చాయి గానీ నిద్ర మాత్రం పెరగలేదు. కొంటే కొను, వాడంతట వాడు తీసేసుకోగలిగినంత బరువే ఉండాలి, తల మీదికి రాకూడదు. ఓటీకి ఇచ్చే డబ్బు మాత్రం దండగ కాదు, మంచివాళ్ళు దొరికితే. ఊయలలూ బంతులూ ఉన్న గది చూసి మురిసిపోకు. "మూడు నెలల్లో ఏం మారాలని చూస్తున్నారు, ఇంట్లో నేనేం చేయాలి" అని అడుగు. నిన్ను బయట కూర్చోబెట్టి తలుపు వేసేసి, తర్వాత ఒక్క ముక్క చెప్పకపోతే ఇంకోచోట వెతుక్కో. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు తీసుకుని, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ బీమాకి అప్లై చేస్తే ఏడాదికి లక్ష దాకా వైద్యానికీ థెరపీకీ వస్తుంది. మీ ఆయన్ని కదుపు, ఆ కాగితాల పని ఆయనకే బాగా వచ్చు.

స్కూల్లో టీచరమ్మతో మాట్లాడేటప్పుడు "వీడికి సెన్సరీ ఇష్యూస్" అని మొదలెడితే ఆవిడ భయపడిపోతుంది. ఏం కావాలో పనుల్లో చెప్పు. తలుపు పక్కన కాకుండా గోడవారగా కూర్చోబెట్టమను. పీరియడ్ మధ్యలో నోట్‌బుక్కుల కట్ట స్టాఫ్ రూముకి మోసే పని వాడికి ఇవ్వమను. బెల్లు కొట్టే ముందు ఒక సైగ చేయమను. ఇవి ఏ టీచరైనా చేయగలిగినవే.

మీ అత్తగారు దిష్టి అంటున్నారని బాధపడ్డావు. తియ్యనీ, ఎర్రనీళ్ళతో పోయేదేముంది. ఆవిడతో వాదన పెట్టుకోకుండా పని అప్పజెప్పు. రోజూ సాయంత్రం జంతికల డబ్బా, పిండి పిసికించడం ఆవిడ చేతిలో పెట్టు. మనవడు తన దగ్గర నెమ్మదిగా కూర్చుంటున్నాడని పది రోజుల్లో ఆవిడే వీధంతా చెబుతుంది. జంతికల్లో కారం మాత్రం తగ్గించమను, మొన్న తిన్నవి నాకే మంటెత్తాయి.

రెండు వారాలు రాశాక నోట్‌బుక్ పట్టుకుని ఇంటికి రా. బన్నీ కోసం మిక్సీ కట్టేసి ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ