పెట్టె మీది అంకెను చూసి మైక్రోకెరటోమ్ కొనకు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

చూపు సరిచేసే లాసిక్ ఆపరేషన్‌లో ఫ్లాప్ (కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా మీద మూతలా ఎత్తే పలచని పొర) కోయడానికి బ్లేడుతో కోసే మైక్రోకెరటోమ్ తీసుకోమంటారా, లేజర్‌తోనే కోసే ఫెమ్టోసెకండ్ యంత్రమా అని అడిగావు. ఏది చూసినా కంపెనీ వాళ్ళు ముందు ఫ్లాప్ మందం సగటు చెబుతారు. నువ్వు అక్కడితో ఆగకమ్మా. ఒక కంటికి 105, ఇంకో కంటికి 155 మైక్రాన్లు తెగినా సగటు 130నే. మనం కోసేది సగటు కన్ను కాదు. 500 మైక్రాన్ల కార్నియాలో చూపు సరిచేసే లేజర్ 70 తీస్తే, 130 ఫ్లాప్‌తో కలిపి కార్నియా మందంలో సరిగ్గా 40 శాతం. ఫ్లాప్ 155 తెగిందా, 45 శాతం. ఎక్టేషియా (కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బడం) భయం పెరిగేది అక్కడే. ఫ్లాప్ కింద కార్నియా 250 మైక్రాన్లకన్నా ఎక్కువే మిగిలింది కదా అని ధైర్యపడకు.

అందుకే, నువ్వు కొనాలనుకున్న మోడల్ రోజూ వాడుతున్న చోటికి వెళ్ళి వాళ్ళ కొలతల పట్టిక అడుగు. ఎక్కువలో ఎక్కువ, తక్కువలో తక్కువ ఎంత తెగిందో చూడు. కుడి, ఎడమ కళ్ళు విడివిడిగా రాశారా? అదే బ్లేడుతో రెండో కన్ను చేస్తే ఫ్లాప్ సాధారణంగా పలచగా వస్తుంది. రెండూ కలిపేస్తే ఆ తేడా కనిపించదు. కొలిచిన తీరు కూడా అడుగు. కోతకు ముందు పాకీమీటర్‌తో (కార్నియా మందం కొలిచే పరికరం) నడిమధ్య మందం, ఫ్లాప్ ఎత్తగానే కింది పొర మందం తీసి తీసివేత వేయాలి. ఆలస్యమైతే పొర ఆరి పలచబడుతుంది, ఫ్లాప్ ఉన్నదానికన్నా మందంగా లెక్కకొస్తుంది.

కెరటోమెట్రీ (కార్నియా వంపు కొలత) 46 డయాప్టర్లు దాటిన నిటారు కార్నియాలో బటన్‌హోల్ (ఫ్లాప్ మధ్యలో రంధ్రం), 40కి తగ్గిన చదును కార్నియాలో ఫ్రీ క్యాప్ (ఫ్లాప్ పూర్తిగా ఊడిరావడం) భయం ఎక్కువ. అలాంటి కళ్ళకు ఏ సక్షన్ రింగు (కోసేటప్పుడు కంటిని పీల్చి పట్టుకునేది) వేయాలో కంపెనీ పట్టిక చూపించాలి. సక్షన్ పెట్టాక కంటి ఒత్తిడి 65 mmHg దాటిందో లేదో బారాకర్ టోనోమీటర్‌తో నువ్వే చూసుకో. యంత్రం మీది దీపం వెలిగితే చాలదు.

బ్లేడు విషయంలో రాజీ లేదు. రోగికో కొత్త బ్లేడు. బిగించేముందు మైక్రోస్కోప్ కింద అంచు చూడు. ఖర్చు తగ్గించడానికి మళ్ళీ వాడమని ఎవరు చెప్పినా వినకు.

ఫెమ్టోలో మందం తేడాలు తక్కువ, అంచుదాకా ఒకే మందం. మైక్రోకెరటోమ్ ఫ్లాపేమో మధ్యలో పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. డబ్బు సమకూరితే నా ఓటు ఫెమ్టోకే. సమకూరకపోతే మంచి మైక్రోకెరటోమ్ తీసుకుని, అనుమానమున్న కార్నియాలకు ఫ్లాపే వద్దు, కార్నియా పైభాగం మీదే లేజర్ వాడే పీఆర్‌కే చెయ్యి.

సంతకం పెట్టేముందు ఆ పట్టిక నాకు పంపు తల్లీ, ఇద్దరం కలిసి చూద్దాం.