ఇన్సులిన్ చేతి బ్యాగులోనే ఉండాలి

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. అమ్మకు 61 ఏళ్లు. షుగర్‌కు రెండు పూటలా ఇన్సులిన్ పెన్, బీపీకి మాత్ర వాడుతోంది. మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి. వచ్చే నెల విశాఖ నుంచి మధ్యాహ్నం ఫ్లైట్‌లో బెంగళూరులో ఉన్న తమ్ముడి దగ్గరికి ఒక్కతే వెళ్తోంది. సూదులు లోపలికి రానివ్వరని, మందులన్నీ లగేజీలో వేసేయమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ మాట వినకండి. ఇన్సులిన్, సూదులు, గ్లూకోమీటర్ అన్నీ చేతి బ్యాగులోనే ఉండాలి. లగేజీ ఉండే చోట చలికి ఇన్సులిన్ గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకడితే, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా అది పనికిరాదు. పైగా లగేజీ ఆలస్యమైతే ఆ రాత్రి డోసు ఎక్కడి నుంచి తెస్తారు?

సెక్యూరిటీ దగ్గర టెన్షన్ అక్కర్లేదు. ఇన్సులిన్, సూదులు ఉన్నాయని ముందే చెప్పి డాక్టర్ చీటీ చూపిస్తే సరిపోతుంది. చీటీలో, టికెట్‌లో పేరు ఒకటేనా అని చూసుకోండి. మన వైపు ఆసుపత్రి చీటీలో అప్పమ్మ, ఆధార్‌లో అప్పలనరసమ్మ అని ఉండడం మామూలే కదా! మాత్రల షీట్లు పేరు, ఎక్స్‌పైరీ తేదీ కనిపించేలా కత్తిరించకుండా పెట్టండి.

నిజానికి నా భయం విమానం గురించి కాదు, విశాఖ దాకా కారు ప్రయాణం గురించి. దారిలో టిఫిన్‌కు ఆగి, మందుల సంచిని ఎండలో ఉన్న కారులో వదిలేస్తారు. అద్దాలు మూసిన కారు కాసేపట్లోనే కాలిపోతుంది, ఇన్సులిన్ దెబ్బతింటుంది. సంచి వెంట తీసుకెళ్లండి. వాడుతున్న పెన్ 30 డిగ్రీల లోపు ఉంటే చాలు, చాలా రకాలు నాలుగు వారాలు బాగానే ఉంటాయి. అదనపు పెన్‌లు చల్లగా ఉండడానికి గడ్డకట్టించిన జెల్ ప్యాక్ పెడితే దానికి తువ్వాలు చుట్టండి, ఇన్సులిన్‌కు నేరుగా తగలకూడదు.

ఆ రోజు తిండి వేళలు తప్పుతాయి. పొద్దున ఇన్సులిన్ వేసుకుని, ఎయిర్‌పోర్టు లైన్లలో మధ్యాహ్నం భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజ్ పొడి గానీ తినాలి. అది పై బ్యాగులో కాకుండా చేతికందేలా ఉండాలి. ఇడ్లీలో, చపాతీలో కట్టివ్వండి, విమానంలో తినడానికి ఇబ్బందేం ఉండదు.

పెన్‌కు సూది ఉంచేసి విమానం ఎక్కొద్దు, లోపల గాలి బుడగలు చేరతాయి. దిగాక కొత్త సూది పెట్టి, 2 యూనిట్లు బయటికి వదిలి, చుక్క కనిపించాకే డోసు తిప్పుకోవాలి.

మోకాళ్లు పట్టేస్తాయని మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనివ్వకండి. షుగర్, బీపీ రెండూ ఉన్నవాళ్లకు డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలకు ముప్పు. ఉద్దానం పక్కనే ఉన్న మీకు కిడ్నీ జబ్బు గురించి నేను చెప్పాలా? ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించి, ఏ మాత్ర వాడాలో మీ డాక్టర్‌నే అడగండి.

ఇంకో మాట. ఫ్లైట్ నిండితే ఒక్కోసారి గేటు దగ్గర చేతి బ్యాగులు కూడా తీసుకుని లగేజీలో వేస్తారు. మందులను విడిగా చిన్న సంచిలో పెట్టి, బ్యాగు అడిగితే ఆ సంచి మాత్రం ఇవ్వొద్దని అమ్మగారికి ముందే చెప్పి పంపండి.