ఆ పాట వెనక ప్రియురాలు లేదమ్మా

డాలస్ నుంచి ఒక సోదరి రాశారు. ఆరు నెలలుగా భర్త కార్లో విట్నీ హ్యూస్టన్ పాడిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' ఒక్కటే పెట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నారట. అడిగితే ఏమీ లేదంటున్నారట. "పాత ప్రేమ ఏదైనా ఉందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫోన్ చూడమంటారా?" అని అడిగారు.

చూడొద్దు. ఆ ప్రశ్నకు నా జవాబు ఇంతే.

ఉత్తరం చివర్లో, పోనీలే అన్నట్టు మరో సంగతి రాశారు. మీ వారు తొమ్మిదేళ్లు అన్నగారి కంపెనీలో చేసి, మాటా మాటా పెరిగి, బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారు. ఒకే ఊళ్లో ఉండి కూడా రాకపోకల్లేవు. వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు వాట్సాప్‌లో పిలిచారని మీరు వెళ్లలేదు. అసలు దెబ్బ అక్కడ తగిలింది.

1992లో సినిమా కోసం విట్నీ పాడాక ఆ పాట విడిపోయిన ప్రేమికుల పాటగా స్థిరపడిపోయింది. దాన్ని 1973లో రాసింది అమెరికన్ గాయని డాలీ పార్టన్. అప్పటికే ఆమెకు పెళ్లయింది, భర్త ఉన్నాడు. టెనెసీ కొండల్లో పన్నెండు మంది పిల్లలున్న పేదింట్లో పుట్టిన ఆమెను 1967లో పోర్టర్ వాగనర్ అనే పేరున్న గాయకుడు తన టీవీ షోలోకి తీసుకున్నాడు. ఆమె పేరు ఇంటింటికీ తెలిసింది ఆ షోతోనే. ఐదేళ్లని చేరి ఏడేళ్లుంది. వెళ్తానంటే ఆయన ఒప్పుకోడు, ఎప్పుడూ వాదనలే. ఇక వాదించి లాభం లేదని ఇంటికెళ్లి పాట రాసి, మర్నాడు ఆయన ఆఫీసుకొచ్చి, ఎదురుగా నిలబడి గిటార్ మీద పాడింది. ఆయన టేబుల్ దగ్గర కూర్చుని ఏడ్చాడట. ఈ రికార్డు నా చేత చేయిస్తానంటే వెళ్లు, అన్నాడట. తర్వాత 1979లో ఆయనే ఆమె మీద కోర్టుకెక్కాడు. డబ్బిచ్చి తేల్చుకుంది. మళ్లీ కలిశారు. 2007లో ఆయన పోయేముందు ఆమె వెళ్లి పక్కన కూర్చుంది.

మీ వారు బయటికి రావడం తప్పంటే నేనొప్పుకోను. తమ్ముడు జన్మంతా అన్న కింద పనిచేయాలని రాసిపెట్టి లేదు. కానీ వీసా చేయించి, మొదటి ఏడాది ఇంట్లో పెట్టుకుని, మీ పెళ్లికి పెద్దగా నిలబడ్డ అన్నకు ఈమెయిల్‌లో రాజీనామా పంపుతారా? నాకిది మింగుడు పడటం లేదు. కంపెనీని వదలొచ్చు, అన్నను వదలకూడదు. బావగారి ఊసెత్తితే మీరు మాట మార్చేస్తానని మీరే రాశారు. అందుకే ఆయన ఇంట్లో ఏడవలేక కార్లో ఏడుస్తున్నారు.

ఆయన్ని అన్నగారింటికి పంపండి. లెక్కలు, క్లయింట్ల గొడవ ఆ రోజు ఎత్తొద్దు. మళ్లీ చేరతాననీ అనక్కర్లేదు. 'నీ వల్లే ఇంతవాణ్ణయ్యాను, అలా వెళ్లిపోవడం తప్పే' అంటే చాలు. బావగారు నాలుగు మాటలంటే పడమనండి, ఆ హక్కు ఆయనకుంది. దానికి ముందు మీరు మీ తోడికోడలికి ఫోన్ చేసి, ఈ శనివారం పిల్లకు బట్టలు పెట్టడానికి వస్తున్నామని చెప్పండి.