ట్రైనింగ్‌కు పోయే ముందు

నల్లగొండ

బిడ్డా,

నువ్వు డీడీయూ-జీకేవై (దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) ఉద్యోగ ట్రైనింగ్‌లో చేరుతున్నావని మీ నాయన దేవరకొండ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం. బీఎస్సీ అయి రెండేళ్లు ఇంట్లో ఉన్న పిల్లకు ఎంత టెన్షనో నాకు తెలుసు. ఊళ్లు తిరిగి ఇలాంటి సెంటర్లకు పిల్లల్ని చేర్పించే పని తొమ్మిదేళ్లు చేశాను. అందుకే రాస్తున్నా.

2014లో మొదలైన ఈ పథకం పల్లెల్లోని పేదింటి పిల్లల కోసం పెట్టింది. చదువు, హాస్టల్, తిండి అన్నీ ఉచితమే. రిజిస్ట్రేషన్ అని ఐదొందలు అడిగినా ఇవ్వకు. మీ అమ్మ మహిళా సంఘంలో ఉంది కదా, సంఘాల పని చూసే మండలం ఐకేపీ ఆఫీసులో ఆ సెంటర్ సంగతి కనుక్కోమను. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి జిరాక్స్ కాపీలే ఇవ్వు.

అసలు సంగతి ప్లేస్‌మెంట్. ట్రైనింగ్ అయిన వందమందిలో కనీసం 70 మందికి ఉద్యోగం చూపాలని సెంటర్లకు టార్గెట్. నేను పనిచేసినప్పుడు ఆఫర్ లెటర్‌ను లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. మూడు నెలలు పని చేసి, జీతం పడినట్టు కాగితం చూపాలి. సెంటర్‌కు వచ్చే డబ్బు కూడా దీంతోనే ముడిపడి ఉండేది. అందుకే ఆ మూడు నెలలు నీ బాగోగులు అడుగుతారు, తర్వాత ఫోన్ ఎత్తకపోవచ్చు. రూమ్, జీతం, షిఫ్ట్, ఏ ఇబ్బంది ఉన్నా ఆలోపే తేల్చుకో.

ఒక సెంటర్‌లో పిల్లలతో ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించారు. పనికే పోని పిల్లల పేర్లు తర్వాత ఉద్యోగం వచ్చిన జాబితాలో కనిపించాయి. వాళ్లలో కల్వకుర్తి వైపు పిల్ల ఒకామె ఇంట్లోనే ఉండి మెషిన్ కుట్టుకుంటోంది. ఆ రోజు నేను గట్టిగా అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. చదవకుండా దేని మీదా సంతకం పెట్టకు.

కోర్సు విషయంలో సీటు ఖాళీగా ఉందని దేంట్లో పడితే దాంట్లో చేరకు. నీది కెమిస్ట్రీ. చౌటుప్పల్‌లో, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలు ఉన్నాయి. నీ చదువుకు అక్కడ విలువుంది, బట్టల షాపులో ఉండదు. పోయిన బ్యాచ్ పిల్లల ఫోన్ నంబర్లు మూడు తీసుకుని నేరుగా మాట్లాడు. సెంటర్ వాళ్లు ఇవ్వం అంటే అనుమానించు.

జీతం అడిగితే చేతికెంత వస్తుందని అడుగు. మూల వేతనం 13,000 అయితే పీఎఫ్ 12 శాతం, అంటే 1,560 కోత. ఈఎస్ఐ ఇంకో వందదాకా పోతుంది. వాటి నంబర్లు రాసి పెట్టుకో, పీఎఫ్ సొమ్ము నీదే, ఈఎస్ఐ వైద్యానికి పనికొస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు నెలకు వెయ్యి చొప్పున సాయం కూడా ఉండేది, ఉద్యోగం సొంత జిల్లాలోనే అయితే 2 నెలలు, రాష్ట్రంలో 3, బయట 6. ఇప్పుడెలా ఉందో అడిగి రాయించుకో.

శుక్రవారం పొద్దున బస్టాండ్‌కు వస్తాను, సెంటర్‌కు కలిసి పోదాం. కాగితాలన్నీ ఒక కవర్‌లో పెట్టుకుని రా.

నీ పెద్దనాయన