వలస వచ్చిన పిల్లాడు తెరమీదికి రాగలడా? కీ హుయ్ క్వాన్ కథ, మా ఇంటి కథ

మీ ప్రశ్న: "మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. అమెరికా వచ్చి ఆరేళ్లయింది. నటుడినవుతానంటున్నాడు. ఆస్కార్ గెలిచిన హాలీవుడ్ నటుడు కీ హుయ్ క్వాన్‌ని చూపించి, ఆయనా వలస వచ్చినవాడే కదా అంటున్నాడు. ఇది అయ్యే పనేనా?"

జవాబు చెప్పేముందు మీరు రాయని ఒక విషయం అడగాలి. మీరు ఏ వీసా మీద ఉన్నారు? పిల్లాడికి నటన వచ్చా రాదా అన్నది తర్వాత. మేం ఈ సంగతి చివర్లో తెలుసుకుని దెబ్బతిన్నాం కాబట్టి చెబుతున్నాను.

ముందు క్వాన్ సంగతి. అతను పుట్టింది 1971లో, వియత్నాంలోని సైగాన్‌లో. చైనా మూలాలున్న పెద్ద కుటుంబం. 1978లో దేశం విడిచి బయల్దేరారు, అదీ అందరూ ఒకే దారిన కాదు. క్వాన్, తండ్రి, కొందరు పిల్లలు హాంకాంగ్ శరణార్థి శిబిరానికి చేరితే, తల్లి మిగతా పిల్లలతో మలేషియా వెళ్లింది. 1979లో అమెరికాలో మళ్లీ కలిశారు. లాస్ ఏంజెలెస్ చైనాటౌన్‌లో వాళ్ల బడికి సినిమావాళ్లు పిల్లల కోసం వెతుక్కుంటూ వచ్చారు. ఆడిషన్ ఇచ్చింది క్వాన్ కాదు, తమ్ముడు. ఇతను తోడుగా వెళ్లి, పక్కన నిలబడి "అలా కాదురా, ఇలా" అని వాడికి నేర్పుతుంటే ఎంపిక చేసేవాళ్ల కన్ను ఇతనిమీద పడింది.

అలా వచ్చిందే 1984 నాటి 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్'. మనకి అది అమ్రీష్ పురి సినిమా. 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మాంత్రికుడిగా మనల్ని భయపెట్టిన ఆయనే అందులో గుండె పెరికే పూజారి. స్క్రిప్టు మీద మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో, ఇండియాలో తీయాల్సింది శ్రీలంకలో తీశారు. అంటే వియత్నాం నుంచి వచ్చిన పిల్లాడు, చైనా అనాథ వేషంలో, శ్రీలంకలో కట్టిన ఇండియాలో నటించాడన్నమాట. మరుసటేడు 'ది గూనీస్'లో డేటా అనే పిల్లాడి పాత్ర. పద్నాలుగు నిండకముందే రెండు పెద్ద హిట్లు.

ఇక మా ఇల్లు. మా ఆయనది హెచ్-1బీ, అంటే ఉద్యోగానికిచ్చే వీసా. నేనూ మా అమ్మాయీ 2014లో ఖమ్మం నుంచి, హెచ్-1బీ వాళ్ల భార్యాపిల్లలకిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చాం, దానికప్పుడు ఎనిమిదేళ్లు. మేముండేది లాస్ ఏంజెలెస్‌కి గంట దూరంలో. స్కూలు నాటకాల్లో దాన్ని చూసి డ్రామా టీచర్ "ఆడిషన్లకి పంపండి" అంది. 2018లో, పన్నెండేళ్లప్పుడు, పొద్దున పాలల్లో వేసుకు తినే సీరియల్ యాడ్ ఒకదానికి టేప్ పంపాం. హాల్లో గోడకి నీలం దుప్పటి కట్టి, ఇస్త్రీ బల్లమీద పుస్తకాలు పేర్చి, వాటిమీద ఫోన్ నిలబెట్టి తీసిన టేపది. ఎదుటి డైలాగులు నేను చదివాను. "అమ్మా, నువ్వు నటించకు, చదువు చాలు" అని పదిసార్లు విసుక్కుంది. రెండో రౌండుకి పిలిచారు, తర్వాత ఇంకోసారి. చివరికి మీ పిల్లని తీసుకున్నామని ఫోన్ చేశారు.

కాలిఫోర్నియాలో పద్దెనిమిది నిండని పిల్లలు కెమెరా ముందు పనిచెయ్యాలంటే రాష్ట్ర కార్మిక శాఖ పర్మిట్ ఉండాలి. అది ఆరునెలలే పనికొస్తుంది, తర్వాత మళ్లీ తీసుకోవాలి. హాజరు, మార్కులు బాగున్నాయని స్కూలు సంతకం పెట్టాలి. నేను అన్నీ ముందే సర్దుకునే మనిషిని కదా, అది తెచ్చి ఫైల్లో పెట్టాను. "వర్క్ పర్మిట్ ఉందా?" అని అడిగితే ఉందని ధీమాగా చెప్పాను. రెండ్రోజుల తర్వాత, అమెరికాలో పనిచేసే అనుమతి ఉందని రుజువు చూపించాల్సిన ఐ-9 ఫారం వచ్చింది. అప్పటికిగానీ తెలియలేదు, పేరు ఒకటే అయినా కాగితాలు రెండని. రాష్ట్రం ఇచ్చేది పిల్లల చదువు, ఆరోగ్యం దెబ్బతినకుండా చూసుకునే కాగితం. డబ్బు తీసుకుని పనిచెయ్యడానికి ఫెడరల్ ప్రభుత్వం అనుమతి వేరే కావాలి. హెచ్-4 మీదున్న భార్యాభర్తల్లో కొందరికి 2015 నుంచి అది ఇస్తున్నారు. పిల్లలకి లేదు.

యాడ్ కంపెనీ నుంచి ఫోన్ చేసినావిడ మర్యాదగానే మాట్లాడింది, తప్పంతా నాదే. ఫోన్ పెట్టేశాక, యాడ్ పోయిందని మా అమ్మాయికెలా చెప్పాలో తెలీక, స్కూలు బస్సు వచ్చేదాకా గోంగూర ముందేసుకుని ఆకులు తుంచుతూ కూర్చున్నాను. ఎంత తుంచానంటే, మూడు రోజులు అదే పచ్చడి.

తర్వాతెప్పుడో క్వాన్ గురించి చదువుతుంటే తట్టింది. ఆ పిల్లాడు శరణార్థిగా వచ్చాడు. శరణార్థి హోదాతో అడుగుపెట్టినవాళ్లకి పనిచేసుకునే హక్కు ఆ హోదాతోపాటే వస్తుంది. మేమేమో విమానంలో, ఆవకాయ సీసా బట్టల్లో చుట్టుకుని దర్జాగా దిగాం. వాళ్లకున్న హక్కు మా పిల్లకి లేదు. శరణార్థుల బతుకు సుఖమని కాదండీ నేననేది. వలస అనే ఒక్కమాట కింద అందరినీ కలిపేస్తే మీ అబ్బాయికి లెక్క తప్పుతుందని అంటున్నాను.

సరే, హక్కున్న క్వాన్‌కైనా ఏం జరిగింది? 'గూనీస్' తర్వాత కొన్ని టీవీ షోలు, తైవాన్‌లో, జపాన్‌లో ఒక్కో సినిమా, 1992లో 'ఎన్‌సినో మ్యాన్'. పెద్దవాడయ్యేకొద్దీ ఫోన్ మోగడం ఆగింది. రెండు ముక్కలు మాట్లాడే పాత్రకి కూడా ఆసియా నటులంతా ఒకే గదిలో పోటీపడేవాళ్లమని అతనే చెప్పుకున్నాడు. నోరు తిరగడం సులువవుతుందని జొనాథన్ అని ముందు తగిలించుకుని కొన్నాళ్లు ఆ పేరుతోనే నటించాడు. ఇది చదివి మా అమ్మాయి నవ్వింది. దాని పేరు తెలుగులో ఐదక్షరాలు, ఇంగ్లీషులో పదకొండు. స్కూల్లో మూడక్షరాలకి కుదించారు.

ఆ తర్వాత అతను సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో సినిమా చదివాడు. హాంకాంగ్ ఫైట్ మాస్టర్ కోరీ యుయెన్ దగ్గర చేరి 2000లో వచ్చిన 'ఎక్స్-మెన్'కి పనిచేశాడు. వాంగ్ కార్-వాయ్ తీసిన '2046'కి అసిస్టెంట్ డైరెక్టర్. ఈ ఇరవై ఏళ్లనీ చాలామంది "ఓపిక పట్టాడు" అని రాస్తారు. నాకా మాట నచ్చదు. ఓపిక పట్టి కూర్చుంటే ఇల్లు గడవదు. కెమెరా ముందు చోటు లేదని తెలిసి వెనక్కి వెళ్లి ఇంకో పని నేర్చుకున్నాడు, దానితో బతికాడు. మీ అబ్బాయికి చూపించాల్సింది ఆస్కార్ వీడియో కాదు, ఈ భాగం.

మళ్లీ నటించాలనిపించింది 2018లో, అంతా ఆసియా నటులే ఉన్న హాలీవుడ్ సినిమా 'క్రేజీ రిచ్ ఏషియన్స్' చూశాక. అప్పటికి ఏజెంట్ కూడా లేడు. తెలిసిన స్నేహితుడికి ఫోన్ చేసి నా తరఫున ఉంటావా అని అడగాల్సి వచ్చింది. కొద్దిరోజుల్లోనే 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' ఆడిషన్ తగిలింది. కాంట్రాక్టు మాట్లాడింది ఎవరనుకున్నారు? 'గూనీస్'లో చంక్ వేషం వేసిన జెఫ్ కోహెన్. ఆ బొద్దు పిల్లాడు పెద్దయ్యాక సినిమా లాయరయ్యాడు. షూటింగ్ 2020 మొదట్లో అయింది, అంతలో కోవిడ్. సినిమా విడుదల కాలేదు, వేరే పని దొరకలేదు, హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పోయింది. ఆస్కార్ తెచ్చిన పాత్ర చేసేసిన తర్వాతి పరిస్థితి ఇది!

2023 మార్చి 12 మీకూ గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో పులిహోర కలిపి, నాలుగు కుటుంబాలని పిలిచి 'నాటు నాటు' కోసం కూర్చున్నాం. మన పాట ఇంకా చాలా దూరం ఉండగానే క్వాన్ పేరు పిలిచారు. ఎనభై నాలుగేళ్ల తన తల్లి ఇంట్లో టీవీ చూస్తోందని చెప్పి, అమ్మా నాకు ఆస్కార్ వచ్చిందని స్టేజీ మీదే ఏడ్చాడు. మా అమ్మాయి లేచి బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంది. చివర్లో ఉత్తమ చిత్రం ప్రకటించడానికి, అప్పట్లో ఇండియానా జోన్స్‌గా వేసిన హారిసన్ ఫోర్డ్ వస్తే, క్వాన్ చిన్నపిల్లాడిలా ఎగిరి ఆయన్ని వాటేసుకున్నాడు. అప్పటికి మా అమ్మాయి కూడా బాత్రూమ్‌లోంచి బయటికొచ్చింది.

మాకు 2022లో గ్రీన్‌కార్డు వచ్చింది, దానికి పదహారేళ్లప్పుడు. అదృష్టమనే అనాలి, ఎందుకంటే ఇరవై ఒకటి నిండితే హెచ్-4 ఉండదు, పిల్లలు వేరే వీసా చూసుకోవాలి. మీ గ్రీన్‌కార్డు ఫైల్ ఎక్కడుందో, మీ అబ్బాయికి ఇరవై ఒకటి వచ్చేలోపు తేలుతుందో లేదో ఒకసారి లాయర్‌ని అడగండి. కార్డొచ్చాక వెళ్లిన మొదటి ఆడిషన్‌లో "కొంచెం ఇండియన్ యాస పెట్టు" అన్నారట. "ఏ ఇండియన్ యాస? ఖమ్మందైతే వచ్చు" అందిట ఇది. వచ్చిన కొత్తల్లో స్కూల్లో నవ్వుతున్నారని పోగొట్టుకున్న యాసని మళ్లీ తెచ్చుకోమన్నారు, అదీ తనది కానిది. ఆ వేషం రాలేదు. పదిహేడేళ్లప్పుడు ఒక యాడ్‌లో నాలుగు సెకన్లు కనబడింది. ఆ డబ్బులో 15 శాతం కూగన్ అకౌంట్లో వేశారు. జాకీ కూగన్ అనే బాలనటుడి సంపాదన పెద్దవాళ్లు ఖర్చుపెట్టేయడంతో 1939లో పుట్టిన చట్టమిది. పద్దెనిమిది నిండేదాకా మనం కూడా ముట్టుకోలేం.

ఇప్పుడు దానికి పందొమ్మిది. కాలేజీలో సౌండ్ రికార్డింగ్ నేర్చుకుంటోంది, స్నేహితుల షార్ట్ ఫిల్ముల్లో నటిస్తోంది. టైటిల్స్‌లో పదకొండక్షరాల పేరూ వేయించుకుంటోంది.

మీరు హెచ్-4 అయితే డబ్బిచ్చే పనేదీ ఒప్పుకోకండి. ఉచితంగా చేస్తామన్నా లాయర్‌ని అడగనిదే సరే అనకండి. స్కూలు నాటకాలు మాత్రం ఒక్కటీ వదలనివ్వకండి. టేప్ తీసేటప్పుడు ఎదుటి డైలాగులు ఇంకెవరిచేతనైనా చదివించండి. మా పాత టేపుల్లో ఇప్పుడు వింటే దానికంటే నా గొంతే పైకి వినిపిస్తోంది.